నొప్పి తగ్గిన రోజు

నవంబర్ 4

దిగాం. బస్టాండులోంచి బయటికి వచ్చిన పది నిమిషాల్లో నలుగురు నన్ను గుద్దుకుని వెళ్ళిపోయారు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇంతమంది ఒకేచోట ఎలా ఊపిరి పీలుస్తున్నారో అర్థం కాదు. నా బావమరిది మాత్రం నీళ్ళలో వదిలిన చేపలా ముందుకు పోతున్నాడు. వీపు మీద పెద్ద సంచి, పొట్ట మీద చిన్న సంచి. వెనక నుంచి చూస్తే కాళ్ళొచ్చిన మూటలా ఉన్నాడు.

“ఆగి దారి అడిగితే కొత్తవాళ్ళమని తెలిసిపోతుంది బావా. తెలిసినట్టే నడువు” అన్నాడు.

తెలిసినట్టే నడిచి ఒకే వీధిలోకి మూడుసార్లు వచ్చాం.

బస మూడో అంతస్తులో. పది పడకల గది. కిటికీ లేదు. మంచాలు రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి. కింది పడక వాడిది, పైది నాది. నలభై మూడేళ్ళ వయసులో నిచ్చెనెక్కి పడుకోవడం రాసిపెట్టి ఉంది. యజమానురాలు లావుపాటి తాళాల గుత్తి నడుముకి కట్టుకుని తిరుగుతుంది. మెట్ల మీద ఆ చప్పుడు వినగానే వాడు పేరు పెట్టేశాడు: తాళాలమ్మ.

ఈ పుస్తకం కూడా వాడు కొన్నదే. “అక్క పోయి ఏడు నెలలైంది. నువ్వు నోరు విప్పడం లేదు. పోనీ రాయి. నేను చదవనులే” అన్నాడు.

రాయడానికేముంది? షాపు, ఇల్లు, షాపు. వాడొచ్చి షట్టరు దించేసి నా భుజాన సంచి తగిలించాడు. అంతే.

నవంబర్ 5

వాడి నియమాలు: రెండు మైళ్ళ లోపైతే బస్సెక్కకూడదు. మోయలేనిది కొనకూడదు. రద్దీగా ఉన్న హోటల్లోనే తినాలి, అక్కడ నిన్నటి కూర ఉండదు. బట్టలు రాత్రివేళ సింకులో ఉతుక్కుని మంచం కడ్డీకి ఆరేసుకోవాలి. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి బతికేవాడు, సీజను అయిపోగానే ఇలా దేశాల మీద పడతాడు. ఏడేళ్ళుగా ఇదే తంతు.

నా సంచి విప్పి చూసి నవ్వాడు. “బట్టలు రెండు జతలు, మాత్రలు రెండు వందలు! నువ్వు తిరగడానికి వచ్చావా, బ్రాంచి పెట్టడానికి వచ్చావా?”

ఇరవై ఏళ్ళు మందుల కౌంటరు వెనక నిలబడ్డవాణ్ణి, ఉత్తచేతులతో ఎలా వస్తాను? మా వీధిలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా డాక్టరు కంటే ముందు నా దగ్గరికే వస్తారు. నా దగ్గరికి వచ్చాక చాలామందికి డాక్టరుతో పని పడదు. ప్రయాణానికి ఇన్సూరెన్సు తీసుకుందామని వాడంటే వద్దన్నది నేనే. నేనుండగా దండగ అన్నాను.

నవంబర్ 7

ఇవాళ పాత వంతెన దాకా నడిచాం. కింద నది నల్లగా ఉంది. పైన మనుషులు భుజాలు రాసుకుంటూ పోతున్నారు. ఆ తోపులాటలో రెయిలింగు పక్కన ఇద్దరం నిలబడేంత చోటు దొరికింది.

వాడు ఉన్నట్టుండి అడిగాడు. “బావా, కడుపులో బాగోలేదని అక్క నీకు మొదట ఎప్పుడు చెప్పింది?”

“చివర్లోనేరా. ఎవరికీ తెలియనిచ్చింది కాదు. మీ అక్క సంగతి నీకు తెలుసుగా.”

వాడు నీళ్ళకేసే చూస్తూ నిలబడ్డాడు. “ఊఁ” అన్నాడు. తర్వాత అరటిపళ్ళు కొని తెచ్చాడు. ఇద్దరం తిన్నాం.

నేను చెప్పింది అబద్ధం కాదు. గట్టిగా చెప్పింది చివర్లోనే కదా. పెద్ద డాక్టరు కూడా అన్నాడు, ఈ జబ్బు ముందు తెలిసినా ఎవరం ఏమీ చేయగలిగేవాళ్ళం కాదని.

నవంబర్ 8

వాన. గదిలోనే ఉన్నాం. ఎవరివో తడి సాక్సుల వాసన.

నవంబర్ 9

వాడికి పొద్దుట నుంచి బొడ్డు చుట్టూ నొప్పి. రెండు వాంతులు. రద్దీ హోటలే కదా, నిన్నటి కూర ఉండదన్నావు కదా అని ఏడిపించాను. నవ్వలేదు. గ్యాసుకి ఒకటి, వాంతికి ఒకటి, నొప్పికి ఒకటి ఇచ్చాను. సాయంత్రానికి కాస్త తేరుకున్నాడు.

నవంబర్ 10

నొప్పి కుడివైపుకి దిగింది. నడిచేటప్పుడు కుడి కాలు చాపలేకపోతున్నాడు, కాస్త వంగి నడుస్తున్నాడు. ఇన్ని రోజులుగా వీపు మీద ఆ బరువు మోస్తుంటే నడుము పట్టెయ్యదా మరి. నొప్పిమాత్ర మోతాదు పెంచాను.

తాళాలమ్మ దుప్పట్లు మార్చడానికి వచ్చి వాణ్ణి చూసి ఆగింది. వాళ్ళ భాషలో ఏదో అంది. తర్వాత ఫోనులో మాట్లాడి తర్జుమా చూపించింది: ఆసుపత్రి దగ్గరే ఉంది, నేను తీసుకెళ్తాను. నేను మాత్రల సంచి చూపించి, నా గుండె మీద చెయ్యి వేసుకుని, నాకు తెలుసు అని సైగ చేశాను. ఆవిడ నన్ను, సంచిని మార్చి మార్చి చూసి వెళ్ళిపోయింది.

ఊరుగాని ఊళ్ళో ఆసుపత్రి మెట్లెక్కితే ఏమవుతుందో నాకు తెలియదా? ముందు పరీక్షలన్నీ రాస్తారు. తర్వాత ఏదో ఒకటి కోస్తారు.

ఇరవై నాలుగు గంటల నొప్పేమో, అదే అపెండిసైటిస్ ఏమోనని ఒక్క క్షణం అనిపించిన మాట నిజమే. అదే అయితే ఇరవై నాలుగు గంటల్లో తేలిపోవాలి. ఇప్పటికి ముప్పై దాటింది. కాబట్టి అది కాదు.

మధ్యాహ్నం అత్తయ్య ఫోను చేసింది. వాడు పడుకున్నాడని చెప్పాను. “నువ్వు పక్కన ఉన్నావుగా బాబూ, వాడి గురించి నాకు బెంగ లేదు” అంది.

నవంబర్ 11

నొప్పి తగ్గిపోయింది!

పొద్దున్నే కింది పడక నుంచి “బావా” అని పిలుపు. గబగబా దిగాను. కూర్చుని ఉన్నాడు. చెమటతో బనీను తడిసి ముద్దయింది, మొహం మాత్రం తేటగా ఉంది. “ఎవరో స్విచ్ ఆపేసినట్టు ఒక్కసారిగా పోయింది బావా” అన్నాడు. 

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, ఎందుకో మరి. కిందికి వెళ్ళి గంజిలాంటిది వేయించుకుని వచ్చాను. నాలుగు చెంచాలు తాగాడు. “నువ్వు గట్టి వైద్యుడివే” అన్నాడు.

మెట్ల దగ్గర తాళాలమ్మ కనిపిస్తే బొటనవేలెత్తి చూపించాను. ఆవిడ తల ఊపలేదు.

చాలా రోజుల తర్వాత ఆకలేసి కడుపునిండా తిన్నాను. ఇరవై ఏళ్ళ అనుభవం ఊరికే పోదు.

నవంబర్ 12

కొంచెం జ్వరం. మొన్న వానలో బట్టలు సరిగ్గా ఆరలేదు కదా.

నవంబర్ 12, మధ్యాహ్నం

కొంచెం కాదు. వణికిపోతున్నాడు. మూడు దుప్పట్లు కప్పాను. కడుపు మీద చెయ్యి వేస్తే చెక్క మీద వేసినట్టుంది. చెయ్యి తీశాను. మళ్ళీ వేయలేదు.

జ్వరానికి మాత్ర ఇచ్చాను. నిలవలేదు.

నవంబర్ 13

ఆసుపత్రి వరండా. ప్లాస్టిక్ కుర్చీ. మొదట నిన్న జరిగింది రాయాలి.

మూడో మాత్ర తీస్తుంటే తాళాలమ్మ లోపలికొచ్చింది. దుప్పటి తీసి వాడి కడుపు మీద రెండు వేళ్ళు ఆనించింది, అంతే. వాడు పెట్టిన కేకకి గదిలో అందరూ లేచి కూర్చున్నారు. ఆవిడ నా చేతిలోంచి మాత్రలు లాక్కుని నేలకేసి కొట్టి ఫోను తీసింది. నేను అడ్డం వెళ్ళాను. ఆ మాట రాయడం సిగ్గుగా ఉంది కానీ వెళ్ళాను. “నేను మందుల షాపు మనిషిని, మందుల షాపు” అని తెలుగులోనే అరిచాను. ఆవిడ నన్ను పక్కకి తోసేసింది.

కింద వీధి ఇరుకు, బండి లోపలికి రాదు. పక్క గదిలోని ఇద్దరు కుర్రాళ్ళు, తాళాలమ్మ కలిసి వాణ్ణి దుప్పటిలోనే మూడంతస్తులు దించారు. ఆ జనంలోంచి, పళ్ళ బండ్ల మధ్య నుంచి మోసుకుంటూ పెద్దరోడ్డు దాకా వెళ్ళారు. ముందు ఆవిడ, తాళాలు చప్పుడు చేస్తూ, మనుషుల్ని చేత్తో నెట్టుకుంటూ. వెనక నేను. నా చేతిలో వాడి చెప్పులు.

ఆపరేషను చేసిన డాక్టరమ్మకి ముప్పై ఐదేళ్ళు కూడా ఉండవు. నెమ్మదిగా, నాకు అర్థమయ్యే ఇంగ్లీషులో అడిగింది.

“నొప్పి ఎప్పుడు మొదలైంది?”

“తొమ్మిదో తారీకు పొద్దున.”

“ఏమిచ్చారు?”

చెప్పాను. మాత్రల పేర్లు, మోతాదులు, వేళలు. పాఠం అప్పజెప్పినట్టు ఒక్కటీ తప్పకుండా చెప్పాను. ఆవిడ రాసుకోవడం ఆపి నా వంక చూసింది.

“మధ్యలో నొప్పి హఠాత్తుగా తగ్గిందా?”

“తగ్గింది. పదకొండో తారీకు పొద్దున.”

“అప్పుడు పగిలింది” అంది. “అపెండిక్స్. లోపల ఒత్తిడి పోతుంది కాబట్టి కాసేపు హాయిగా ఉంటుంది. ఆ తర్వాత చీము కడుపంతా పాకుతుంది. కడిగాం. పేగు కొంత తీసెయ్యాల్సి వచ్చింది. రెండు రోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేను.”

ఇంకా ఏదో అడగబోయి ఆగింది. “మీరు వైద్య రంగంలో ఉన్నారా?” అంది చివరికి.

“లేదు” అన్నాను.

నవంబర్ 13, సాయంత్రం

పెద్ద డాక్టరు అలా అనలేదు.

ఏడో తారీకు పేజీలో రాసింది కొట్టెయ్యను. అలాగే ఉండనీ. కానీ ఆయన అలా అనలేదు. స్కానింగు ఫిల్ము లైటుకి ఎదురుగా పెట్టి చూసి, “కొంచెం ముందు తీసుకురావలసింది” అన్నాడు. నేను పక్కనున్న నా భార్య వంక చూడలేదు. ఆమె నా చెయ్యి మీద చెయ్యి వేసి, “నేనే చెప్పలేదండీ ఈయనకి” అంది డాక్టరుతో.

చెప్పింది. కిందటేడు ఆగస్టులో చెప్పింది. షాపుకి క్యారేజీ తెచ్చినప్పుడు. “ఏమండీ, బొడ్డు కింద ఏదో బరువుగా ఉంటోంది. కొంగు దోపుకున్నా నొప్పే.” కౌంటరు ముందు ఆరుగురున్నారు. “ముందు వాళ్ళకివ్వండి, నేనాగుతాను” అని బెంచీ మీద కూర్చుంది. వాళ్ళు వెళ్ళాక గ్యాసు మాత్రల అట్ట ఒకటి తీసి ఇచ్చాను. ఆమె మొహం చూశానో లేదో గుర్తు లేదు.

సెప్టెంబరులో ఇంకో రకం ఇచ్చాను. అక్టోబరులో కడుపు ఎత్తుగా కనబడసాగింది. “ఏమిటి, ఈ వయసులో శుభవార్తా?” అన్నాను. పదిహేనేళ్ళు పిల్లల కోసం ఎదురుచూసి మానేసిన మనిషితో అన్నాను ఆ మాట. నవ్వింది. జోకు వేస్తే నవ్వాలి కదా, అందుకని నవ్వింది. నవంబరులో, “ఒకసారి స్కానింగు తీయించుకుందామా?” అంది. స్కానింగులన్నీ వాళ్ళ వ్యాపారం, నాకు తెలియదా అన్నాను. డిసెంబరంతా నేనిచ్చినవే మింగింది. జనవరిలో వంటింట్లో పడిపోయింది.

ఐదు నెలలు. ఇరవై ఏళ్ళుగా ఎంతమందికి ఇలా అట్టలు కత్తిరించి ఇచ్చానో. వాళ్ళలో మళ్ళీ రానివాళ్ళంతా తగ్గిపోయి రాలేదనుకున్నాను.

నవంబర్ 14

తెలివి రాలేదు. ముక్కులో గొట్టం, కడుపు పక్క నుంచి రెండు గొట్టాలు. గాజు తలుపులోంచి చూడనిస్తున్నారు.

అత్తయ్య రెండుసార్లు ఫోను చేసింది. తీయలేదు.

నవంబర్ 15

తాళాలమ్మ వచ్చింది. నా సంచి, వాడి సంచి రెండూ మోసుకొచ్చింది. పడకల డబ్బు తీసుకోనంది. నా పక్క కుర్చీలో అరగంట కూర్చుంది. వెళ్ళేముందు ఫోనులో ఏదో అని చూపించింది: మీ తమ్ముడా?

నా భార్య తమ్ముడు అని చెప్పాను. మీ భార్య ఎక్కడ అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఫోను లోపల పెట్టేసుకుంది.

నవంబర్ 16

కళ్ళు తెరిచాడు.

నన్ను లోపలికి పంపారు. పెదాలు ఎండి చీలిపోయాయి. దూది తడిపి అద్దాను. “భయపెట్టావురా” అన్నాను. వాడు కళ్ళు మూసుకున్నాడు.

నవంబర్ 17

ఇవాళ మాట్లాడాడు. నిన్నంతా దాచుకున్న ఓపికంతా పెట్టి మాట్లాడాడనుకుంటా. మధ్యమధ్య ఆగుతూ, సీలింగు చూస్తూ.

నేనే మొదలుపెట్టాను. “ఒరేయ్, వంతెన మీద నువ్వు అడిగావు చూడు. మీ అక్క నాకు చివర్లో చెప్పలేదు. ముందే...”

“తెలుసు బావా.”

నేను కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాను.

“కిందటేడు సెప్టెంబర్లోనే అక్క నాకు ఫోన్లో చెప్పింది. కడుపులో బాగోవడం లేదురా, మీ బావ మాత్రలిస్తున్నారు అని. నేను తిరుగుళ్ళలో ఉన్నాను. బావ చూసుకుంటున్నాడు కదా అనుకున్నాను. నాలుగు నెలలు మళ్ళీ అడగనేలేదు.”

“మరి ఎందుకడిగావురా, తెలిసి?”

“నువ్వు చెబుతావేమోనని. నువ్వు చెబితే నేనూ చెబుదామని. అందుకే తీసుకొచ్చాను నిన్ను. ఇంట్లో అయితే అమ్మ వింటుంది.”

నర్సు వచ్చి సెలైను మార్చింది. ఆవిడ వెళ్ళేదాకా ఇద్దరం కొత్తవాళ్ళలా ఉన్నాం.

“నా మాత్రలు ఎందుకు వేసుకున్నావు మరి?” అన్నాను. “అన్నీ తెలిసి ఎందుకు వేసుకున్నావు?”

 

“వద్దంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని” అన్నాడు. “అక్క కూడా అందుకే వేసుకుని ఉంటుంది.”

నేను బయటికి వచ్చేశాను. వరండా చివర మెట్ల దగ్గర గోడకి ఆనుకుని కూర్చున్నాను. జనం నన్ను దాటుకుంటూ ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఒకావిడ నేను అడుక్కుంటున్నాననుకుందో ఏమో, ఒళ్ళో నాణెం వేసి వెళ్ళింది.

మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి వాడు మెలకువగానే ఉన్నాడు. “అమ్మకి నువ్వే చెప్పు” అన్నాడు. “రెండూ చెప్పు. నేను చెప్పను. అల్లుడు బంగారం, అల్లుడు బంగారం అని అమ్మ పొగుడుతుంటే ఏడు నెలలుగా వినలేకపోతున్నాను.”

నవంబర్ 18

చెప్పలేదు. ఫోనులో చార్జింగు లేదు.

చార్జింగు ఉంది.

నవంబర్ 19

పొద్దున పదింటికి చేశాను. మొదటి మోతకే ఎత్తింది.

“ఏమైపోయారు బాబూ మీరిద్దరూ? ఐదు రోజులుగా ఫోను ఎత్తడం లేదు. నాకు అన్నం సయించడం లేదు.”

ముందు వాడి సంగతి చెప్పాను. బతికాడని మొదట చెప్పి, తర్వాత మిగతాది చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. నొప్పిమాత్రల దగ్గరికి వచ్చేసరికి, “పోనీలే బాబూ, నువ్వు మాత్రం కావాలని చేశావా? నువ్వుండబట్టే ఆసుపత్రికైనా చేరాడు” అంది.

“నేను చేర్చలేదు అత్తయ్యా. ఆ హాస్టలావిడ చేర్చింది. నేను అడ్డం పడ్డాను.”



ఆగితే ఇక చెప్పలేనని తెలిసి, ఆగకుండా నా భార్య సంగతి చెప్పాను. ఆగస్టు నుంచి జనవరి దాకా. షాపు బెంచీ, జోకు, స్కానింగు, డాక్టరు అన్న మాట, ఆయన ముందు ఆమె ఆడిన అబద్ధం. అయిపోయాక చూసుకుంటే నా చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

అత్తయ్య అడిగింది, గొంతు మామూలుగానే ఉంది: “ఏడ్చేదా?”

“అంటే...”

“నొప్పికి. ఏడ్చేదా అది?”

లేదు అని నోటిదాకా వచ్చింది. లేదంటే ఆవిడకి కొంత ఊరటగా ఉండేది. నాకూ ఉండేది.

“ఒకసారి చూశాను” అన్నాను. “పెరట్లో బట్టలు ఆరేస్తూ. తడిచీర మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను షాపుకి బయల్దేరుతున్నాను. చూసి... చూడనట్టు వెళ్ళిపోయాను అత్తయ్యా.”

అవతల నుంచి గాలి చప్పుడు వినిపించింది.  తర్వాత “వాడికి ఫోనివ్వు” అంది. బాబూ అనలేదు.

ఇచ్చాను. వాడు “ఊఁ” అన్నాడు. “ఊఁ, అమ్మా.” మళ్ళీ “నాకూ తెలుసమ్మా. నాకూ చెప్పింది” అన్నాడు. ఆ తర్వాత దిండులోకి మొహం తిప్పుకున్నాడు. కుట్లకి మంచిది కాదని నర్సు వచ్చి మందలించేదాకా వాడి భుజాలు ఆగలేదు.

నవంబర్ 20

అత్తయ్య ఫోను చేయలేదు.

నవంబర్ 22

షాపు అమ్మేయమని తోటి షాపతనికి కబురు పెట్టాను. ఆసుపత్రికి కట్టాలి. కట్టాల్సిన పని లేకపోయినా అమ్మేవాణ్ణేనని రాసుకోవాలని ఉంది. ఏమో. నన్ను నేను నమ్మడం మానేశాను.

నవంబర్ 23

ఇవాళ వాణ్ణి నడిపించమన్నారు. మంచం నుంచి కిటికీ దాకా, మళ్ళీ వెనక్కి.

నర్సు ఒక పక్క పట్టుకుంది. ఇంకో పక్క ఎవరైనా కావాలి. వాడు నన్ను పిలవలేదు, నర్సే చెయ్యూపింది. వెళ్ళి నిలబడ్డాను. వాడు ఒక్క క్షణం నా భుజం వంక చూసి చెయ్యి వేశాడు. పదిహేను రోజుల్లో సగమైపోయాడు, అయినా ఆ చెయ్యి బరువుగా ఉంది.

మూడో అడుగు దగ్గర నొప్పెట్టినట్టుంది, ఆగిపోయాడు. అలవాటుగా “ఏం కాదులేరా” అనబోయాను. నోరు మూసుకుని, “ఎక్కడ?” అని అడిగాను.

“కుట్ల దగ్గర. లోపల. లాగుతోంది.”

“ఎలా ఉంది? పొడిచినట్టా, మండినట్టా?”

చెప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా చెప్పాడు, సరైన మాట దొరక్కపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాడు. నేను నడవమనలేదు, కూర్చోమనలేదు. వాడు చెప్పడం పూర్తయ్యేదాకా, భుజం మీద ఆ చేత్తో, అక్కడే నిలబడి విన్నాను.